ఇరవై రెండు ఇళ్ల నీళ్లు

పడవలో ఎండ కనిపించింది ఉల్‌బోసిన్‌కు.

లారీ మీదికెక్కి, పడవకు మూతలా కట్టిన టార్పాలిన్ అంచు ఎత్తి తల లోపలికి దూర్చింది. చీకటిగా ఉండాల్సిన చోట సన్నని వెలుతురు గీతలు ఉన్నాయి. ఒకటీ రెండూ కాదు, పక్క చెక్కల మధ్య ప్రతి అతుకులోంచీ ఒక గీత. నీళ్లను బయట ఆపాల్సిన చెక్కలు ఎండను లోపలికి రానిస్తున్నాయి. వంగి అడుగున చేయి పెట్టింది. జానెడు లోతు నీళ్లుండాల్సిన చోట వేడెక్కిన పొడి చెక్క చేతికి తగిలింది.

కింద లారీ నీడలో ఆమె మరిది పంక్చరైన చక్రం మార్చి, పెరుగు ఎండబెట్టి చేసిన కుర్త్ ఉండ ఒకటి బుగ్గన పెట్టుకుని చప్పరిస్తున్నాడు.

"నుర్తాస్!"

అతని చేతిలో స్పానర్ జారి కాలి మీద పడింది. నొప్పి సంగతి తర్వాత, ముందు తన పేరు విని అదిరిపోయాడు. అరాల్ తీరం వాళ్లలో కోడళ్లు మెట్టినింటి మగాళ్ల పేర్లు పలకరు. పెళ్లయి వచ్చిన రోజున ముక్కు చీదుకుంటూ వచ్చి తన పక్కన కూర్చున్న ఏడేళ్ల మరిదికి ఉల్‌బోసిన్ "చిన్నదొర" అని పేరు పెట్టుకుంది. ఇప్పుడతనికి ముప్పై ఒకటి, బరువు నూరు కిలోలకు పైమాటే, అయినా ఆమెకు చిన్నదొరే. ఇరవై నాలుగేళ్లలో వదిన నోట తన అసలు పేరు వినడం అదే మొదటిసారి.

"నీళ్లేవి?"

"ఏ నీళ్లు వదినా?"

"నా బుర్రలో నీళ్లు! పడవలో నీళ్లేవి అని అడుగుతున్నా."

నుర్తాస్ నీళ్లు నమిలాడు. ఆ బయలు మొత్తంలో నమలడానికి వేరే నీళ్లు లేవు మరి. జెజ్‌కజ్గాన్ దాటి రైలు పట్టాల వెంబడి పడమటికి నూట ఎనభై కిలోమీటర్లు వచ్చారు. దారిలో ఒక వంతెన తగిలింది, దాని మీద నది పేరు రాసిన బోర్డు ఉంది, కింద ఇసుక ఉంది.

"బల్ఖాష్‌లో పడవ కొన్నచోటే తీసేశా" అన్నాడు చివరికి. "నువ్వా ముసలావిడతో టీ తాగుతున్నావు. నేను తాళ్లు బిగిద్దామని ఎక్కితే లోపల ఇంతేసి నీళ్లు. పాత పడవ కదా, ఊరిపోయింది అనుకున్నా. బిరడా లాగేశా. లారీ మీద నీళ్లు మోసుకెళ్లేవాడు ఎక్కడైనా ఉంటాడా? ఉన్న బరువుకే కింద కమానులు వంగిపోతున్నాయి."

"మరి ఆగిన చోటల్లా అడిగాను కదరా! ఎక్కి చూసి, ఉన్నాయి వదినా అన్నావు కదరా!"

"మొదటిసారి అడిగినప్పుడు తెలిసింది, అవి ఉండాల్సిన నీళ్లని. అప్పటికే పోయాయి కదా. చెప్తే తిడతావని..."

"ఇప్పుడు ముద్దు పెట్టుకుంటాననుకున్నావా?"

నుర్తాస్ తల వంచుకున్నాడు. అబద్ధం మాత్రం పూర్తిగా అతనిదే, దానికి వంక లేదు. తప్పు విషయంలో కాస్త ఆలోచించాలి. అతను పుట్టింది జాలరి ఇంట్లో, జాలర్ల ఊళ్లో. కానీ పుట్టేసరికే అరాల్ సముద్రం ఊరికి నలభై కిలోమీటర్ల దూరం జరిగిపోయింది. చిన్నప్పుడు అతను చూసిన పడవలు ఇసుకలో తుప్పుపట్టి కూర్చున్న ఇనుప డొక్కులు, వాటి నీడలో ఒంటెలు పడుకునేవి. ఉత్తరాన కట్ట కట్టాక నీళ్లు తిరిగొచ్చేనాటికి అతను లారీ స్టీరింగ్ పట్టేశాడు. చక్రాల గురించి, ఒంటెల గురించి ఏదడిగినా చెప్తాడు. పడవలో నీళ్లుంటే అది చిల్లని తప్ప ఇంకో అర్థం ఉంటుందని అతనికి తోచలేదు. అరాల్ తీరం జాలరి బిడ్డ తప్ప ఆ పొరపాటు ఇంకెవరూ చేయరు.

అమ్మిన ముసలాయన చెప్పింది ఉల్‌బోసిన్‌కు, ఒకటికి మూడుసార్లు. "ఇది ముప్పై ఏళ్లుగా తడిసిన చెక్క తల్లీ. అడుగున నీళ్లు, పక్కలకు తడి కంబళ్లు. రోడ్డు మీద రెండు రోజులు ఆరిందంటే పడవ కాదు, జల్లెడ." ఆ మాట మరిదికి తానే చెప్పి ఉండాల్సింది. టీ దగ్గర బద్ధకించింది. ఆ సంగతి తలుచుకుంటే మరిది మీది కోపం సగం తన మీదికే తిరిగింది, అందుకని ఇంకా గట్టిగా అరిచింది.

అరవక ఏం చేస్తుంది? ఆ రోజు జూన్ పద్నాలుగు. చేపలు గుడ్లు పెట్టే కాలం ముగిసి వేట తెరిచేది పదహారు పొద్దున ఎనిమిదికి. కోక్‌తుబెక్ జాలర్ల సంఘంలో ఆమె భర్తకు వల వేసుకునే చోటు ఒకటుంది, రెల్లు మొదలయ్యే చోట, మంచి లోతు. వెన్ను విరిగి మూడేళ్లుగా అతను మంచం దిగలేదు. రెండేళ్లు అద్దె పడవతో ఆమే నెట్టుకొచ్చింది. సొంత పడవ లేనివాళ్లకు మూడో ఏడు చోటు ఉండదని సంఘం రాతపూర్వకంగా చెప్పింది. వేట తెరిచే పొద్దున ఇన్‌స్పెక్టర్ ముందు పడవ దించాలి, ఇద్దరు మనుషులు కూర్చోవాలి, అరగంట నిలవాలి. నిలవకపోతే చోటు జాబితాలో తర్వాతివాడికి పోతుంది. ఆ తర్వాతివాడు ఒరాజ్, అతనికి కొత్త ప్లాస్టిక్ పడవ ఉంది, ఓపిక బోలెడంత ఉంది. ఉల్‌బోసిన్ రెండు పాడి ఒంటెలనమ్మి ఈ పడవ కొన్నది. ఒంటెలూ పోయి చోటూ పోతే ఇక ఆ ఇంట్లో పొయ్యి వెలగదు.

"నీళ్లెన్ని ఉన్నాయి?" అంది.

"మూడు డబ్బాలు. ఒకటి మనకి, రెండు రేడియేటర్‌కి."

"తీసుకురా."

"వదినా, రేడియేటర్ ఎండితే మనమూ పడవా కలిసి ఇక్కడే ఎండుతాం."

"పడవ ఎండితే నేను ఎక్కడికీ పోనక్కర్లేదు."

చాలాసేపు పోట్లాడుకున్నారు. ఆఖరికి రెండు పడవకు, ఒకటి లారీకి అని తెగింది. తాగడానికి సీసాలో ఒకటిన్నర లీటరు మిగిలింది. రెండు డబ్బాలూ కంబళ్ల మీద పోసి అతుకుల మీద కప్పారు. గంటలో ఆవిరైపోయాయి. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమంటే అదే. సాయంత్రం పట్టాల కాపలాదారు ఒకడు జాలిపడి ఇంకో డబ్బా ఇచ్చాడు. ఆ రాత్రి ఉల్‌బోసిన్ లారీలో నిద్రపోలేదు, నుర్తాస్ కూడా నిద్రపోలేదు.

పదిహేనో తారీఖు సాయంత్రానికి షొర్‌బులాక్ చేరారు. అక్కడి నుంచి ఇల్లు ఇంకా తొంభై కిలోమీటర్లు. ఒకప్పుడు అది రేవు. సముద్రం ఉత్తరాన తిరిగొచ్చింది కానీ ఈ పాయలోకి రాలేదు. ఇరవై రెండు ఇళ్లు మిగిలాయి. ఊరి ముందు రేవుగోడ ఉంది, దాని కింద ఉప్పు నేల ఉంది.

ఆగే ఉద్దేశం ఉల్‌బోసిన్‌కు లేదు. కానీ రోడ్డు మధ్యలో ఒక ముసలాయన చేతికర్ర అడ్డంగా పట్టుకుని నిలబడ్డాడు. వెనకే ఆడవాళ్లు, పిల్లలు ఇళ్లలోంచి బయటికి వస్తున్నారు. వాళ్ల పద్ధతి ఒకటుంది, కొత్త వస్తువు కొనుక్కెళ్లేవాళ్లు కనిపిస్తే చూసినవాళ్లు ఎంతో కొంత చేతిలో పెట్టాలి. దాన్ని బైగజీ అంటారు. ఇచ్చేవాళ్లుంటే తీసుకునేవాళ్లు ఆగాలి, ఆగకుండా పోతే ఆ వస్తువు అచ్చిరాదు.

"ఆపకు" అంది ఉల్‌బోసిన్.

"ముసలాయన్ని తొక్కించమంటావా?" అని నుర్తాస్ బ్రేకు వేశాడు.

ముసలాయన పేరు తొక్సన్‌బాయ్, డెబ్బై తొమ్మిదేళ్లు. పలకరింపులు కూడా సగమే అయ్యాయి, ఆయన కళ్లు పడవ మీదే ఉన్నాయి. "మా ఊరి మీదుగా పడవ పోయి నలభై ఏళ్లయింది. అవి కూడా పాత సామాన్ల వాళ్లు పట్టుకుపోయినవే. సముద్రం వైపు పోతున్న పడవను ఇదే చూడటం. ఎక్కించండిరా నన్ను."

ఇద్దరు పట్టి ఎక్కించారు. వేళ్ల కణుపులతో చెక్కలను ఒక్కొక్కటిగా కొట్టి చెవి పెట్టి విన్నాడు. జేబులోంచి చిన్న కత్తి తీసి ఒక అతుకులో పెట్టాడు. మొనే కాదు, సగం కత్తి లోపలికి పోయింది. ఆయన ముఖం ముడుచుకుపోయింది.

"ఎన్నాళ్లు ఎండబెట్టారు?"

"రెండు రోజులు" అన్నాడు నుర్తాస్, ఇంకెవరో చేసినట్టు.

"ఏ గాడిద కొడుకు చేశాడీ పని?"

ఉల్‌బోసిన్ మరిది వైపు చూడలేదు. నుర్తాసే మెల్లగా చేయెత్తాడు.

"కోడలు పిల్లా, దీన్ని నీళ్లలో దింపితే ఏమవుతుందో తెలుసా?"

"మునుగుతుంది తాతా."

"తెలిసే తీసుకెళ్తున్నావా?"

"రేపు పొద్దున ఎనిమిదికి ఇన్‌స్పెక్టర్ వస్తాడు. తీసుకెళ్లకపోయినా నా చోటు పోయేదే. దింపి ముంచితే కనీసం దింపాననైనా అనిపించుకుంటా."

తొక్సన్‌బాయ్ కాసేపు గడ్డం గోక్కున్నాడు. ఇరవై ఆరేళ్లు ఆ రేవులోనే పడవల అతుకులు పూడ్చిన మనిషి ఆయన. "ఈ సాయంత్రం నుంచి తెల్లారేదాకా కడుపునిండా తాగిస్తే, పూడ్చగలిగింది నేను పూడిస్తే, రేపు అరగంట నిలవొచ్చు. నిలుస్తుందని ఒట్టేయను. పోనీ ఇప్పుడే ఇంటికి పోతావా? మూడు నాలుగు గంటల కుదుపులకు ఇంకా విప్పుకుంటుంది. చేరేసరికి చీకటి, నీళ్లలో పెట్టినా అడుగుకి పోతుంది. నీ ఇష్టం."

ఉల్‌బోసిన్ చుట్టూ చూసింది. ప్రతి ఇంటి ముందూ ఒక నీలం పీపా ఉంది. నీళ్ల ట్యాంకర్ ఆ ఊరికి సోమవారం, గురువారం వస్తుంది. ఆ రోజు సోమవారం, ట్యాంకర్ గుర్తులు ఇంకా ఇసుకలో కొత్తగా ఉన్నాయి. పీపాలు నిండుగా ఉన్నాయని ఆమెకు తెలుసు. అడగడానికి మాత్రం నోరు రాలేదు. తాగే నీళ్లను చెక్కకు పోయమని ఏ నోటితో అడుగుతుంది?

అడగాల్సిన పని పడలేదు. తొక్సన్‌బాయ్ భార్య అక్‌బాలా అవ్వ బకెట్‌తో ఆపసోపాలు పడుతూ వచ్చింది.

"పట్టుకో. నా బైగజీ."

"వద్దవ్వా! గురువారం దాకా ఏం తాగుతారు?"

"మా ఆయన రోజుకి పదహారు గిన్నెల టీ తాగుతాడు. పది తాగితే చచ్చిపోడు. మా దగ్గర డబ్బుల్లేవమ్మా, గొర్రె ఇద్దామంటే నీ పడవకి గొర్రెతో పనేముంది? ఇచ్చినదాన్ని కాదనకు, అచ్చిరాదు."

బకెట్ పైకి వెళ్లింది. నుర్తాస్ అందుకుని పడవలో పోశాడు. పోసిన నీళ్లు పోసినట్టే అతుకుల్లోంచి లారీ మీదికి, లారీ మీద నుంచి ఇసుకలోకి కారిపోయాయి. ఇసుక చుక్క మిగల్చకుండా తాగేసింది. అంతా చూస్తూ నిలబడిపోయారు. ఉల్‌బోసిన్‌కు ఏడుపొచ్చింది, ఆపుకోలేదు.

"చూస్తారేంటి, బేసిన్లు తీసుకురండి!" అని అరిచింది అక్‌బాలా అవ్వ.

బేసిన్లు, మాంసం వండే పెద్ద మూకుళ్లు, పిల్లలకు స్నానం చేయించే తొట్టి, ఒకావిడ టీ నీళ్లు కాచే సమోవార్ మూతతో సహా, అన్నీ లారీ కిందికి చేరాయి. కారింది పట్టడం, పైకి అందించడం, మళ్లీ పోయడం. ఒక్కో ఇంటివాళ్లు వచ్చి తమ బకెట్ తాము పోసి, "ఇది మాది" అని చెప్పి మరీ పక్కకు జరిగారు. తొక్సన్‌బాయ్ ఇంట్లోంచి నలభై ఏళ్లుగా గుడ్డలో చుట్టి ఉంచిన మొద్దు ఉలి తెచ్చాడు. వసంతంలో కత్తిరించిన ఒంటె ఉన్నిని కరిగిన గొర్రె కొవ్వులో ముంచి, తాడులా పేని, ఆ ఉలితో అతుకుల్లోకి కూరుతూ పోయాడు.

"చుక్కకీ చుక్కకీ మధ్య లెక్కపెట్టరా పొట్టోడా" అన్నాడు నుర్తాస్‌తో. "నీకదే శిక్ష."

నుర్తాస్ లారీ కింద బోర్లా పడుకుని లెక్కపెట్టాడు. మొదట లెక్కకే అందలేదు, ధారే. పొద్దు వాలేవేళకు ఒకటి. దీపాలు పెట్టేవేళకు మూడు.

"తాతా, అటు సముద్రం తిరిగొచ్చి ఇన్నేళ్లయింది కదా, ఎప్పుడైనా వెళ్లి చూశావా?" అడిగింది ఉల్‌బోసిన్, ఉన్ని పేనుతూ.

"ఎందుకెళ్లాలి?" ఆయన ఉలి మీద గట్టిగా ఒకటి వేశాడు. "ఇల్లు విడిచి పోయింది అది. పోయేముందు చెప్పిందా? తిరిగొచ్చి పక్కింట్లో కూర్చుంటే నేను వెళ్లి పలకరించాలా? దానికీ నాకూ మాటల్లేవు."

"ఆయన అంతేలే" అంది అక్‌బాలా అవ్వ. "నాతో కూడా ఒకసారి రెండేళ్లు మాట్లాడలేదు."

తెల్లవారుజామున నుర్తాస్ లెక్క పదకొండు దాకా వచ్చింది. ముసలాయన వేలితో అతుకులు తడిమి చూశాడు. చాలదన్నట్టు తల ఊపాడు, కానీ ఇక ఆగడానికి సమయం లేదు. కదిలే పడవలో అతుకులు కనిపెట్టుకునే మనిషి కావాలని తనే వెళ్లి పడవలో, నీళ్లలో కాళ్లు పెట్టుకుని కూర్చున్నాడు. ఎవరూ పిలవలేదు, ఆయనా ఎవర్నీ అడగలేదు.

ఆ తొంభై కిలోమీటర్లూ ఉల్‌బోసిన్ జన్మలో మరిచిపోదు. వేగంగా పోతే నీళ్లు తొణికి పోతాయి, ముసలాయన కర్రతో క్యాబిన్ కప్పు మీద కొడతాడు. మెల్లగా పోతే గడియారం కొడుతుంది. రేడియేటర్ రెండుసార్లు పొంగింది. రెండోసారి సీసాలో తాగడానికి మిగిలినదంతా దానికి పోశారు. పడవలో జానెడు నీళ్లున్నాయి కానీ, వాటివైపు ఈసారి నుర్తాస్ కన్నెత్తి కూడా చూడలేదు.

ఎనిమిదికి పది నిమిషాలుండగా కోక్‌తుబెక్ తీరం కనిపించింది. ఇన్‌స్పెక్టర్ మడత కుర్చీలో కూర్చుని ఉన్నాడు. ఒరాజ్ తన తెల్ల ప్లాస్టిక్ పడవకు ఆనుకుని పొద్దుతిరుగుడు గింజలు కొరుకుతున్నాడు.

"వచ్చావా వదినా! ఏంటిది, పడవలో చెరువు తెచ్చావా?" అన్నాడు. "నీళ్లు ఇక్కడ కూడా ఉన్నాయి కదా, అంత దూరం నుంచి మోసుకురావాలా?"

ఇన్‌స్పెక్టర్ లేచి పడవలోకి తొంగి చూశాడు. చెడ్డవాడు కాదు, రూలు తప్ప మరో భాష రానివాడు. "లోపల ఉన్నవి పోసిన నీళ్లో, ఊరిన నీళ్లో నాకేం తెలుసు? పూర్తిగా ఖాళీ చెయ్యండి. తర్వాతే దింపాలి."

ఉల్‌బోసిన్ చెంబు తీసుకుంది కానీ చేయి ఆడలేదు. అక్‌బాలా అవ్వ బకెట్, సమోవార్ ఆవిడ బకెట్, కళ్ల ముందు కనిపిస్తున్నాయి. అప్పుడు నుర్తాస్ లారీలోంచి ఖాళీ డబ్బాలన్నీ దించాడు. బల్ఖాష్‌లో బిరడా లాగి నాలుగు వందల లీటర్లు నేలపాలు చేసిన మనిషి, చెంబు చెంబుగా తోడి, ఉన్నిపోగులూ కొవ్వుతెట్టెలూ తేలుతున్న ఆ నీళ్లను డబ్బాల్లోకి వంచాడు. డబ్బాలు చాలకపోతే ఇంటికి పరుగెత్తి ఇంకో నాలుగు తెచ్చాడు.

"తాగడానికి పనికిరావు కదరా" అంది ఆమె.

"ఊళ్లో ఒంటెలు తాగుతాయి. ఇసుకలో మాత్రం పోయను వదినా."

పడవ దింపారు. ఇద్దరు కూర్చోవాలి, ఒకరు ఉల్‌బోసిన్, రెండోవాడు నుర్తాస్. అతనికి ఈత రాదు. రెండు చేతులా పడవ అంచు పట్టుకుని, కళ్లు సగం మూసుకుని ఎక్కాడు. ఇన్‌స్పెక్టర్ చెవి వెనక నుంచి పెన్సిల్ తీసి పడవ అడుగు చెక్క మీద పెట్టాడు.

"అరగంట. తోడకూడదు. ఈ పెన్సిల్ తేలిందా, నీ పేరు కొట్టేస్తా. తేలలేదా, దీంతోనే రాస్తా."

ముసలాయన మాత్రం లారీ ముందు సీట్లోకి మారి, తలుపు వేసుకుని, సముద్రానికి వీపు పెట్టి కూర్చున్నాడు.

ఐదు నిమిషాలు ఏమీ కాలేదు. పది నిమిషాలకు నుర్తాస్ కూర్చున్న పక్క, కిందినుంచి మూడో అతుకులో చెమట పట్టినట్టు తడి కనిపించింది. పన్నెండుకి అది బొట్టయింది. పదిహేనుకి బొట్లన్నీ కలిసి సన్నటి దారంలా అడుగుకి పాకాయి. ఉల్‌బోసిన్ పెన్సిల్‌నే చూస్తోంది. పెన్సిల్ చుట్టూ చెక్క నల్లబడింది. ఇరవై నిమిషాలకు అది ఒకసారి కదిలి, అరచుట్టు తిరిగి ఆగింది.

"దొర్లింది" అన్నాడు ఒరాజ్.

"దొర్లడం తేలడం కాదు" అన్నాడు ఇన్‌స్పెక్టర్, గడియారం చూసుకుంటూ. కానీ ముందుకు వంగాడు.

ఆమెకు భర్త గుర్తొచ్చాడు. మంచం మీద పడుకుని కిటికీ వైపు చెవి పెట్టి ఉంటాడు. ఏమని చెప్పాలి? ఒంటెలూ లేవు, చోటూ లేదు అని ఏ మాటతో మొదలుపెట్టాలి? ఇంకా పది నిమిషాలున్నాయి. నీళ్లు పెన్సిల్ సగం మందానికి వచ్చాయి.

"తాతా!" అని అరిచింది, ఏం చేయమని అరుస్తోందో తనకే తెలియకుండా. "మూడో అతుకు! పొట్టోడి పక్క!"

లారీ తలుపు ధడాలున తెరుచుకుంది. తొక్సన్‌బాయ్ కర్ర కూడా మరిచిపోయి దిగి, తడబడుతూ గట్టు దిగి వచ్చాడు.

"ఒరేయ్ పొట్టోడా! ఆ అతుకు మీద కూర్చున్నావేంట్రా గుమ్మడికాయలా? ఇవతలికి జరుగు! ఇంకా! నీ వదిన ఒళ్లో పడినా పర్లేదు, జరుగు! కోడలు పిల్లా, నువ్వు కదలకు. ఒంగనీ పడవని, భయపడకు, ఒంగనీ!"

నుర్తాస్ కళ్లు మూసుకునే జరిగాడు. పడవ ఒక పక్కకు ఒరిగింది. అంచు నీటికి బెత్తెడు దాకా వచ్చింది, నుర్తాస్ ప్రార్థన మొదలుపెట్టాడు. అవతలి పక్క మూడో అతుకు నీళ్లలోంచి పైకి లేచింది. దారం బొట్లయింది, బొట్లు ఆగాయి. అడుగున ఉన్న కాసిన్ని నీళ్లు వాళ్ల పాదాల వైపు జారుకున్నాయి, పెన్సిల్ తడి చెక్కకు అంటుకుని ఉన్నచోటే ఉండిపోయింది.

"ఇది మోసం!" అన్నాడు ఒరాజ్. "ఒంగి కూర్చున్నారు!"

ఇన్‌స్పెక్టర్ చేతిలోని కాగితం మొదటినుంచి చివరిదాకా చదివాడు, మళ్లీ చదివాడు. "ఇద్దరు కూర్చోవాలని ఉంది. ఎక్కడ కూర్చోవాలో లేదు."

ఆ తర్వాతి తొమ్మిది నిమిషాలూ తీరం మీద ఎవరూ గింజలు కొరకలేదు. గడియారం చూసి ఇన్‌స్పెక్టర్ చేయి చాపాడు. ఉల్‌బోసిన్ పెన్సిల్ తీసి ఇచ్చింది. దాన్ని చొక్కాకు తుడుచుకుని, ఆమె భర్త పేరు పక్కన ఆమె పేరు కూడా రాశాడు.

ఉల్‌బోసిన్‌కు నవ్వూ ఏడుపూ ఒకేసారి వచ్చాయి. నుర్తాస్ కళ్లు తెరిచి, "అయిపోయిందా? ఇక దిగొచ్చా?" అని అడిగాడు.

"దిగి ముందు మన బావి దగ్గర డబ్బాలన్నీ నింపు. ఇరవై రెండు ఇళ్లకీ చాలాలి. మధ్యాహ్నానికి వలలో ఏది పడితే అది కూడా తీసుకెళ్లాలి."

"ఏరు దాటి తెప్ప తగలేసే రకం అనుకున్నావా నన్ను? అది చెప్పాలా?" అన్నాడు. గొంతు తగ్గించి, "ఇంకా నుర్తాస్ అనే పిలుస్తావా వదినా?" అన్నాడు.

ఆమె జవాబు చెప్పబోయి ముసలాయన్ని చూసి ఆగింది. ఆయన పడవ అంచు మీద చేయి వేసి నిలబడి ఉన్నాడు. మూడో అతుకు తడిమి చూడటం పూర్తయ్యాక అప్పుడు చూసుకున్నాడు తన కాళ్ల వైపు. బూట్లతో సహా మోకాళ్ల దాకా నీళ్లలో ఉన్నాడు. చిన్న అల ఒకటి వచ్చి ఆయన అంగీ అంచు తడిపి వెళ్లింది. ఆయన వెనక్కి తిరగలేదు. చాలాసేపు ఎటూ చూడకుండా, కింద నీళ్లనే చూస్తూ నిలబడ్డాడు.

"వచ్చావా" అన్నాడు నీళ్లతో. "నలభై ఏళ్లు పట్టిందా?"

తీరం మీద అందరూ తలలు తిప్పుకున్నారు, ఒరాజ్ కూడా. ఆలుమగల మధ్య మాటలు నిలబడి వినకూడదు మరి.

ఉల్‌బోసిన్ పడవలో పక్కకు జరిగి చోటిచ్చింది.

"చిన్నదొరా" అంది, "చేయందించు. తాతను ఎక్కించు."